మా మామగారు వేసిన బస్సుదారి

మా మామగారు పోయారన్న కబురు నాకు బాపట్లలో తెలిసింది. క్లాసు మధ్యలో ప్రిన్సిపాల్‌గారు తన గదిలోకి పిలిపించి ఫోను చేతికిచ్చారు. అవతల తెనాలిలో పుట్టింటి నుంచి మా ఆవిడ. "నాన్న పోయారండి. పొద్దున టిఫిన్ తిని కుర్చీలో కూర్చున్నారు, అంతే. మీరు వచ్చెయ్యండి," అంది. గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు భయం వేసింది.

స్టేషనుకి వెళ్తే ప్యాసింజరు అప్పుడే వెళ్ళిపోయింది. బస్సెక్కి పొన్నూరు మీదుగా తెనాలి చేరి, అక్కడ నందివెలుగు వెళ్ళే బస్సు పట్టుకున్నాను. మామగారి ఇల్లు ఆ రోడ్డు మీదే, ఊరి చివర. నడిచినా పెద్ద దూరం కాదు, కానీ తొందరగా చేరతానని ఎక్కాను. ఎక్కినందుకు లెంపలేసుకున్నాను. మార్కెట్టు దాటగానే ఒకావిడ చెయ్యెత్తింది, డ్రైవరు ఆపాడు. నాలుగడుగులు వెళ్ళాడో లేదో ఆవిడ చెల్లెలట, ఆవిడా చెయ్యెత్తింది, మళ్ళీ ఆపాడు. చెల్లెలి కోడలు కూడా వస్తోందని, బస్సు కదలనివ్వకుండా ఇద్దరూ మెట్టు మీదే నిలబడ్డారు. "ఒక్క నిమిషం అన్నయ్యా, జడేసుకుంటంది, వచ్చేస్తది," అన్నారు. ఆ అన్నయ్య ఇంజను ఆపి తాపీగా బీడీ ముట్టించాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మామగారి ఇల్లు అక్కడికి కనపడుతూనే ఉంది, గుమ్మం ముందు వేసిన షామియానా కూడా కనపడుతోంది. నాకు డ్రైవరు మీద కాదు, పోయిన మనిషి మీద కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నానా చావూ చచ్చి మీరు బాగుచేసిన రోడ్డు ఇదేనా మామయ్యగారూ అని మనసులోనే అడిగాను. అడగాల్సిన సమయం కాదని తెలుసు. అయినా అడిగాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతమూర్తి అనీ, అందరికీ కావలసినవాడనీ రాయడం మనకు అలవాటు. మా మామగారు ఆ రెండూ కారు. శాంతం ఆయన ఇంటి ఛాయలకు రాలేదు. ఇక కావలసినవాళ్ళ సంగతంటారా, ఆ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న దుకాణాల్లో ఎవరినడిగినా చెబుతారు. రోడ్డు వెడల్పని అరుగు కూల్చేయించిన మనిషి అనీ, పందిరి పీకించిన మనిషి అనీ. నాతో కూడా ఆయన సరదాగా మాట్లాడింది తక్కువ. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు విసుగే వస్తుంది, ప్రేమ దాని వెనకాల నెమ్మదిగా వస్తుంది. ఉన్నదున్నట్టు రాయకపోతే ఆయనే ఒప్పుకోరు.

ఆయన రోడ్ల ఆఫీసులో ఇంజనీరు. చుట్టుపక్కల రోడ్లు చాలా ఉన్నా, ఆయన కంటికి ఆనింది ఒక్కటే. తెనాలి నుంచి నందివెలుగు మీదుగా గుంటూరు వెళ్ళే రోడ్డు. దాని సంగతి తెలిసినవాళ్ళకి నేను చెప్పేదేం లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పొద్దున్నే పాలక్యాన్లు కట్టుకున్న సైకిళ్ళు ఊళ్ళోకి వస్తాయి. సరిగ్గా అప్పుడే కూలీల ట్రాక్టర్లు ఊళ్ళోంచి బయటికి పోతాయి. అరటిగెలల బళ్ళు, ధాన్యం లారీలు, ఊక బస్తాలు, రిక్షాలు, బడిపిల్లలు, గేదెలు. వీటన్నిటి మధ్యా బస్సు. ఊరు దాటడానికి పట్టినంత సేపు, ఆ తర్వాత గుంటూరు చేరడానికి పట్టదని జనం నవ్వుకునేవారు. మామగారికి మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఎనభైల మధ్యలో పెళ్ళిచూపులకి నేను ఆ ఇంటికి వెళ్ళాను. జీతం గురించి అడుగుతారు, ఏ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నావని అడుగుతారు అని మా అమ్మ నాకు జవాబులు నేర్పి పంపించింది. ఆయన అవేవీ అడగలేదు.

"ఏ బస్సుకొచ్చారు?" అన్నారు.

"నందివెలుగు బస్సేనండి."

"ఎక్కడెక్కడ ఆగింది?"

"చాలా చోట్ల ఆగిందండి."

"చాలా చోట్ల అంటే? ఎవరి కోసం ఆగింది? ఎంతసేపు ఆగింది?"

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అత్తగారు లోపల్నుంచి వచ్చి, "ఏంటండీ ఇది, ముందు ఆ కాఫీ తాగనివ్వండి. అబ్బాయి అమ్మాయిని చూడ్డానికొచ్చాడు గానీ రోడ్డుని చూడ్డానికి కాదు," అన్నారు. "రెండూ చూస్తాడులే," అన్నారాయన. ఆ సంబంధం కుదిరింది. బస్సు గురించి నేను చెప్పిన జవాబులు ఆయనకి నచ్చలేదని మాత్రం మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఆయనకి ఆ రోడ్డు పిచ్చి ఎలా పట్టిందో అత్తగారు చెబితే తెలిసింది. మా ఆవిడ డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షకి గుంటూరు వెళ్తోంది. ఊరు దాటకముందే ఒక ధాన్యం లారీ, ఒక అరటిగెలల బండి ఎదురెదురుగా వచ్చి ఇరుక్కున్నాయి. వాటి వెనకాల ఇంకో బస్సు ఎవరినో ఎక్కించుకోవడానికని అడ్డంగా ఆగింది. బస్సు గుంటూరు చేరేసరికి పరీక్ష హాలు తలుపులు వేసేశారు. ఆ ఏడాది పోయింది. ఇంటికొచ్చి మెట్ల మీద హాల్‌టికెట్ పట్టుకుని కూర్చుందట. మామగారు ఏమీ అడగలేదట, ఓదార్చలేదట. గొడుగు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళి, సందె చీకటి పడేదాకా అక్కడే నిలబడి వచ్చే పోయే బస్సుల్ని చూశారట. "ఆ పిల్ల తల మీద చెయ్యేసి ఒక్క మాట అనుంటే సరిపోయేది బాబూ. ఆ మనిషికి అది చేతకాలేదు. రోడ్డు బాగుచేస్తానని బయల్దేరాడు," అన్నారు అత్తగారు.

ఎక్కడో విదేశంలో ఒక ఊళ్ళో బస్సులకి విడిగా దారి వేశారని ఆఫీసుకి వచ్చిన పత్రికలో మామగారు చదివారు. ఇక ఆ మాటే. రోడ్డుకి రెండు పక్కలా అంచు వెడల్పు చేసి, అక్కడ బస్సులు తప్ప ఇంకేవీ నడవకూడదు. బస్సులు ఎక్కడపడితే అక్కడ ఆగకూడదు, పెట్టిన చోటే ఆగాలి. ఆగే చోట బస్సు మెట్టెత్తున అరుగు కట్టాలి, ముసలివాళ్ళయినా చంటిపిల్లల తల్లులైనా కాలెత్తకుండా లోపలికి అడుగు వెయ్యాలి. వెనక ఎక్కాలి, ముందు దిగాలి. భోజనం దగ్గర కూర్చుంటే పచ్చడి ఒక పక్కకి, పప్పు ఒక పక్కకి నెట్టి మధ్యలో అన్నంతో రోడ్డు వేసి చూపించేవారు. అత్తగారు నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడేవారు. ఆ రోడ్డు పూర్తయితే గానీ నెయ్యి వెయ్యడానికి లేదు.

ఆయన తరచుగా అనే మాట ఒకటుంది. "బస్సుకి చుట్టరికం ఉండకూడదు అల్లుడుగారూ. మనవాళ్ళు డ్రైవర్ని అన్నయ్యా అంటారు, కండక్టర్ని బాబాయ్ అంటారు. అన్నయ్య ఆపకపోతే ఎలా? అక్కడొస్తుంది చిక్కు." నిజమే. మన దగ్గర బస్సు ఆపడానికి చెయ్యి సగమే పని చేస్తుంది, మిగతా సగం వరస పని చేస్తుంది. కానీ ఆ నిజం కోసం ఇంటిల్లిపాదినీ ఎండలో నిలబెట్టే మనిషి ఇంకెక్కడా ఉండడు.

మా పెళ్ళయిన కొత్తలో అత్తగారి తమ్ముడు తన కూతురి పెళ్ళి రేపల్లెలో పెట్టుకున్నాడు, మగపెళ్ళివారి గుడిలో. ఆయన నందివెలుగులో కౌలు రైతు. బావగారంటే ప్రాణం. రేపల్లె రైలు అందుకోవాలని అందరం బయల్దేరాం. కొత్త అల్లుణ్ణి కదా, నాకు కోటు తొడిగారు. బస్టాపు ఇంటి నుంచి కాస్త దూరం. దారిలోనే బస్సు వెనక నుంచి వచ్చి మా పక్కన ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కండి సార్, మీ కోసమే ఆపాను," అన్నాడు.

"ఇది స్టాపు కాదు," అన్నారు మామగారు.

"పర్లేదండి, ఎక్కండి. ఆడవాళ్ళున్నారు, ఎండగా ఉంది."

"స్టాపు దగ్గర ఎక్కుతాం. నువ్వు పో."

"సార్, అక్కడిదాకా మీరు నడిచొచ్చేలోగా..."

"పొమ్మన్నాను."

వాడు పోయాడు. స్టాపులో మాకోసం ఆగి చూశాడు కూడా, వెనక లారీవాడు హారను మోగించేసరికి కదిలిపోయాడు. మేం చేరేసరికి బస్సు లేదు, తర్వాతి బస్సుకి రైలు లేదు. రేపల్లె వెళ్ళేసరికి గుడిలో పెళ్ళి అయిపోయి, పాస్టరు అయ్యగారు ఆశీర్వాదం కూడా ఇచ్చేసి, జనం భోజనాల దగ్గరున్నారు. ఆడపెళ్ళివారి తరఫు పెద్ద దిక్కు మా మామగారే. అత్తగారు తిన్నగా ఆడవాళ్ళ వైపు వెళ్ళిపోయారు. బావమరిది మాత్రం, "ఏంటి బావగారూ, మీ కోసం ఎంతసేపని ఆపించను అయ్యగార్ని?" అన్నాడు. మామగారు, "ఆపించకూడదు. నువ్వు చేసిందే సరైన పని," అని చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. ఆ కోటులో నేను ఉడికిపోయాను, ఎండకి సగం, కోపానికి సగం.

ఆ దారి కాగితాల మీద ఎన్నేళ్ళు తిరిగిందో చెప్పి మిమ్మల్ని కూడా విసిగించను. ఒక్క సభ గురించి చెబుతాను. స్కూలు ఆవరణలో జనాన్ని పిలిచి మామగారు వివరించారు. అందరూ తలలూపారు. ఆ తర్వాత మొదలైంది. స్టాపు సినిమాహాలు ముందుండాలని ఒకరు, గుడి ముందుండాలని మా సంఘపెద్దలు, ఎరువుల కొట్టు ముందుండాలని ఆ కొట్టాయన. అరుగు కట్టడానికి మాత్రం ఎవరి ముందూ చోటు లేదు. "అందరికీ ఇంటి ముందు బస్సు కావాలి. ఎవరికీ ఇంటి ముందు రోడ్డు అక్కర్లేదు," అని మామగారు మైకులోనే అనేశారు. సభ గోలగోల అయింది.

ఆ గోలలో వెనక బెంచీల్లో కూర్చున్న రైతులు మాత్రమే బుద్ధిగా విన్నారు. లేచి మర్యాదగా అడిగారు. "బస్సులు దగ్గర దగ్గరగా వస్తాయాండి?" వస్తాయన్నారు. "లారీలు రావు గదండి ఆ అంచు మీదికి?" రావన్నారు. "ఎడ్లబళ్ళు?" రానివ్వమన్నారు. "తారు నున్నగా వేస్తారాండి?" అద్దంలా వేస్తామన్నారు. ఆ సాయంత్రం మామగారు మంచి హుషారుగా ఇంటికొచ్చారు. "చూశారా అల్లుడుగారూ, చదువుకున్నవాళ్ళకి ఎక్కలేదు. పల్లెటూరివాళ్ళకి ఇట్టే ఎక్కింది. ఒక్కొక్కళ్ళూ ఎంత సూటిగా అడిగారనీ," అన్నారు. నిజానికి ఏం ఎక్కిందో అప్పుడు మాకు తెలియదు.

తారు పని ఎండలు ముదరకముందే పూర్తిచేయించారు. వరికోతలు అయిపోయాయి, బళ్ళ తాకిడి తగ్గింది, ఇదే మంచి అదను అని ఆయన లెక్క. ఒక పెద్దాయన వచ్చి రిబ్బను కత్తిరించాడు. ఆ వారం బస్సులు ఆ దారిన నిజంగానే నడిచాయి. అరుగు దగ్గర ఆగాయి. జనం వెనక ఎక్కారు, ముందు దిగారు. మామగారు అరుగు మీద గొడుగు ఆనించుకుని నిలబడ్డారు. ఆయన పళ్ళు కనపడేలా నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. మా ఆవిడ పనేమీ లేకపోయినా గుంటూరు వెళ్ళొచ్చింది. ఎంత తొందరగా వెళ్ళానో అని చెప్పి, వెంటనే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాతి సోమవారం నాకు సెలవు. పొద్దున్నే ఆయనతో పాటు రోడ్డు మీదికి వెళ్ళాను. బస్సుల దారి కనపడలేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా మినప కట్టె పరిచి ఉంది. పీకి తెచ్చిన మినుము, ఆకూ కాయా తీగా అంతా, మోకాలెత్తున. పక్కన గోనెలు, చేటలు, పిల్లా జెల్లా, సద్ది గిన్నెలు. తారు రోడ్డు మీద పంట పరిచి బస్సుల చేత తొక్కించడం మా వైపు ఎప్పటి నుంచో ఉన్నదే. మాఘమాసం వెళ్ళేసరికి ప్రతి ఏడూ జరిగేదే. మినుము నూర్పిడికి సరిగ్గా వారం ముందు, మా మామగారు లారీలు రాని, ఎడ్లు రాని, బస్సులు మాత్రమే వచ్చే కొత్త తారు రోడ్డు వేసి ఇచ్చారు.

అత్తగారి తమ్ముడు అందరికంటే ముందు ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"రండి బావగారూ. గొప్ప పని చేశారండి. ఇన్నాళ్ళూ లారీవోళ్ళు తొక్కి గింజ చితక్కొట్టేవోళ్ళు. ఎద్దులు సగం మేసేసేయి. ఇప్పుడు సుబ్బరంగా నలుగుతంది."

"ఇది బస్సుల కోసం వేసింది," అన్నారు మామగారు.

"బస్సుల కోసమే గదండి మేమూ ఎదురుచూస్తంది."

"తియ్యి."

"ఒక్క వారం బావగారూ."

"తియ్యమన్నానా."

బావమరిది ముఖంలో వెలుగు పోయింది. "తీసి యాడేసుకోమంటారు? కళ్ళం ఉన్నోడు రోడ్డు మీదికెందుకొస్తాడండి? నేను దున్నే చేను నాది కాదు. దాని గట్టు గూడా నాది కాదు. మీరు ఇంజనీరుగారు గదా, చోటు చూపించండి, ఇప్పుడే ఎత్తేస్తా."

మామగారు చోటు కోసం రోడ్డుకి అటూ ఇటూ చూశారు. అప్పుడే ఒక బస్సు వచ్చింది. మినప కట్టె మీద చక్రం జారేసరికి డ్రైవరు భయపడి రోడ్డు మధ్యకి కోసేశాడు. దాని వెనక వచ్చినవన్నీ అలాగే మధ్యకి పోయాయి. మిట్టమధ్యాహ్నానికి రోడ్డు మళ్ళీ పాత రోడ్డయిపోయింది.

పైఅధికారి జీపులో వచ్చాడు. చూసి మండిపడ్డాడు. పోలీసుల్ని పెట్టి పంటంతా ఎత్తించెయ్యమన్నాడు. ఇద్దరు ముగ్గురిది ఎత్తుకుపోతే మిగతావాళ్ళు వాళ్ళే దారికొస్తారన్నాడు. మామగారు మినప కట్టె వైపు చూస్తూ నిలబడేసరికి, "ఏంటండీ ఆలోచన? మీ చుట్టాల పంట ఉందనా?" అన్నాడు.

ఆయన్ని ఆ మాట అన్నవాళ్ళు అంతకుముందు లేరు. ముఖం మాడిపోయింది. అయినా నిదానంగానే చెప్పారు. "ఉందండి. మా బావమరిదిది ఉంది. అతనిది ఇప్పుడే తీయిస్తాను. మిగతావాళ్ళది తీయమనాలంటే ముందు వాళ్ళకి చోటు చూపించాలి. అది నేను ముందే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. పోలీసుల్ని మాత్రం పిలవనండి."

అన్నట్టే బావమరిది పంట తీయించారు. ఎక్కడికనుకున్నారు? మా మామగారింటి మీదికి. డాబా నిండా, పెరటి నిండా, పోర్టికో నిండా మినప కట్టె. బస్సు లేదు కాబట్టి కర్రలతో కొట్టాలి. గౌరవనీయుడైన అల్లుణ్ణి నేను కూడా కర్ర పట్టుకున్నాను. పొట్టు అన్నంలో పడింది, మంచాల్లో పడింది. అత్తగారు తుమ్ములాపుకుంటూ, "ఊరికి రోడ్డేస్తానని చివరికి నా ఇల్లు కళ్ళం చేశాడు ఈ మనిషి," అన్నారు. తమ్ముడు పక్కనే తూర్పారబడుతూ నవ్వు దాచుకోలేకపోయాడు. మామగారొక్కరే నవ్వలేదు. గోడకి ఆనుకుని గింజలు గుప్పిట్లోకి తీసుకుని చూస్తూ ఉన్నారు. ఆ రోజు నాకు ఆయన మీద మొదటిసారి జాలి వేసింది. చెప్పే ధైర్యం లేకపోయింది.

దారి పక్కన రైతులకి సిమెంటు కళ్ళాలు కట్టిస్తే ఈ చిక్కు ఉండదని ఆయన పైవాళ్ళని అడిగారు. బస్సులకి దారి అడిగారు, ఇచ్చాం, ఇప్పుడు మినుములకి కూడా చోటు కావాలా అని వాళ్ళు నవ్వారట. ఆ నవ్వు చల్లారేలోగా తొంభైలు వచ్చాయి, ఈయన రిటైరయ్యారు. మినుములు వారం రోజుల పంట. అవి పోయాక కూడా బస్సులు ఆ అంచు మీదికి తిరిగి రాలేదు. ఖాళీగా ఉన్న చోటు మన ఊళ్ళో ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది? అరటిపళ్ళ బళ్ళు వచ్చాయి, టీ కొట్టు వచ్చింది, సిమెంటు గొట్టాలు దింపారు. మిగిలింది అరుగులొక్కటే. వాటి మీద జనం చతికిలబడి బస్సు కోసం చూసేవారు. బస్సు మాత్రం రోడ్డు మధ్యలో ఆగేది. అరుగు దిగి, బళ్ళ మధ్య నుంచి పరుగెత్తి ఎక్కేవారు.

రిటైరైన మనిషి ఇంట్లో పేపరు చదువుకోవచ్చు. ఆదివారం గుడికి వెళ్ళొచ్చు, మనవరాలికి లెక్కలు చెప్పొచ్చు. ఈయన రోజూ సాయంత్రం వెళ్ళి ఆ అరుగు మీద నిలబడేవారు. రోడ్డు మధ్యలో ఆగిన ప్రతి బస్సు వైపూ గొడుగు ఊపి, "ఇటు రా, ఇటు," అని కేకలు పెట్టేవారు. డ్రైవర్లు నమస్కారం పెట్టి పోయేవారు. ఎరగనివాళ్ళు మతి చెడిందనుకునేవారు. నా స్టూడెంటు ఒకడు కాలేజీలో, "సార్, నందివెలుగు రోడ్డులో ఒక ముసలాయన..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు. ఆ వారం నేను తెనాలి వెళ్ళి, ఆయన గొడుగు తీసుకుని గుమ్మం దిగుతుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"మామయ్యగారూ, ఇంక వదిలెయ్యండి. ఎవరి కోసమండీ ఇదంతా?"

ఆయన మెట్టు మీదే ఆగారు. తర్వాత, "బస్సు అరుగు దగ్గరికి రాగలదు అల్లుడుగారూ. అరుగు బస్సు దగ్గరికి పోలేదు. అందుకని నేను అరుగు వైపున్నాను," అన్నారు.

ఇంత మొండి జవాబు విన్నాక ఎవరైనా ఏం చేస్తారు? పక్కన నిలబడతారు. ఆ సాయంత్రం నేనూ వెళ్ళి అరుగు మీద నిలబడ్డాను. ఎవరి కోసమన్నది ఆయన చెప్పలేదు. నేనడిగినప్పుడు లోపల కిటికీ దగ్గర మా ఆవిడ వింటోందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కూతురితో ఆయన ఆ పరీక్ష మాట జీవితంలో ఎత్తలేదు. ఆవిడ మరుసటి ఏడాది రాసి పాసైంది, టీచరైంది, తండ్రికి ఆ బాకీ ఏమీ లేదని ఎన్నోసార్లు చెప్పాలనుకుంది. ఆయన చెప్పనిచ్చే మనిషా? నోరు తెరిస్తే బస్సుల మాట ఎత్తేవారు.

భూస్థాపన మర్నాడు సాయంత్రం పెట్టారు. సమాధుల తోట అదే రోడ్డు మీద, ఇంకా ముందుకి. సంఘమంతా వచ్చింది. ఆయన పందిరి పీకించిన దుకాణాలవాళ్ళూ వచ్చారు. పెట్టెని బండి మీద పెట్టి, పాటలు పాడుకుంటూ నడక మొదలుపెట్టాం. జనం ఎక్కువైపోయి రోడ్డు మొత్తం మేమే నిండిపోయాం. వెనక బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. జీవితమంతా బస్సులు ఆగకూడదని కొట్లాడిన మనిషి, వెళ్ళేటప్పుడు ఆ రోడ్డులో ఉన్న బస్సులన్నీ ఆపేస్తున్నాడని నాకు విసుగూ దుఃఖమూ కలిసి వచ్చాయి. పక్కనే మా ఆవిడ నడుస్తోంది. కబురు తెలిసినప్పటి నుంచీ ఆవిడ కంట తడి లేదు.

అత్తగారి తమ్ముడు వెనక్కి తిరిగి ఆ బస్సుల వరసని చూశాడు. ఆయనకీ వయసైపోయింది. పాట ఆపేసి, పక్కనున్న బళ్ళ దగ్గరికి వెళ్ళాడు. "కాస్త లోపలికి జరగండయ్యా. బస్సులాగిపోతన్నాయి. మా బావగారికది ఇష్టం ఉండదు," అన్నాడు. అరటిపళ్ళవాడు బండి గోడ వైపుకి నెట్టుకున్నాడు. టీ కొట్టువాడు బెంచీలు లోపలికి తీసుకున్నాడు. వాళ్ళని చూసి ముందున్నవాళ్ళూ జరిగారు. ఆ అంచు పొడుగునా తారు బయటపడింది. మర్నాటికి బళ్ళన్నీ మళ్ళీ వచ్చేశాయి, అది కూడా చెప్పాలి. కానీ ఆ సాయంత్రం లేవు.

మొదటి బస్సు డ్రైవరు కాసేపు తటపటాయించి, చక్రం ఎడమకి తిప్పాడు. దాని వెనక రెండోది, ఆ వెనక ఇంకోటి. మా పాటకి అడ్డు రాకుండా, హారను కొట్టకుండా, ఆ బస్సులు మమ్మల్ని దాటుకుంటూ ముందుకి వెళ్ళాయి. కిటికీల్లోంచి జనం పెట్టె వైపు చూసి దణ్ణం పెట్టుకున్నారు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అటు చూడండి," అని ఇక ఆపుకోలేక భోరుమంది.

ముందున్న అరుగు దగ్గర బస్సు ఆగింది. నెత్తిన గంపతో ఒక ముసలావిడ అరుగు మీద నిలబడి ఉంది. రోడ్డు మీదికి దిగబోయి, బస్సు తన ముందుకే వచ్చేసరికి ఆగిపోయింది. ఒక్క క్షణం ఆ తలుపు వైపు నమ్మలేనట్టు చూసింది. గంప మీద నుంచి చెయ్యి తియ్యకుండా, కాలెత్తకుండా, ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళినట్టు లోపలికి నడిచింది.